తుపాకీ గడియ

పాంచెవో,
4 సెప్టెంబరు 2005

కోసరక్కా,

ఫోను మోగినా ఎత్తడం లేదని కోపం తెచ్చుకోకు. ఎత్తి ఏం చేయను? మే నెలలో డాక్టర్లు నా గొంతు కోసి, అందులో ఉన్న చెడ్డదాంతో పాటు మాటను కూడా పట్టుకుపోయారు. ఇప్పుడు మెడ మీద ఒక చిన్న బొక్క, దానికి అడ్డంగా గుడ్డ, మెళ్ళో తాడుతో ఒక పలక. ఏం కావాలన్నా రాసి చూపిస్తాను. నీ మరదలు ల్యుబింకా పక్కింటావిడతో అంటోంది: "ముప్పై రెండేళ్ళ కాపురంలో ఇల్లు ఇప్పుడే కాస్త ప్రశాంతంగా ఉందమ్మా. పోట్లాట పెట్టుకుందామంటే సుద్దముక్క అరిగిపోతోంది, పాపం ఊరుకుంటున్నాడు." నవ్వు వచ్చింది. నవ్వితే బొక్కలోంచి ఈల వస్తుంది. అందుకని నవ్వడం కూడా మానేసి ఉత్తరం రాస్తున్నాను.

అసలు సంగతి చెబుతాను. నా తుపాకులను ఇచ్చేస్తున్నాను. పద్నాలుగూ. మా ఊరి మ్యూజియం వాళ్ళు ఒక గది కేటాయిస్తామన్నారు. డిసెంబరులో మన నికోలా పండగ వెళ్ళాక వాళ్ళ మనిషి వచ్చి పట్టుకెళతాడు. పద్నాలుగు మంది సవతులు ఒక్కరోజే ఇల్లు వదిలిపోతున్నారని ల్యుబింకా గోడలకు అప్పుడే సున్నం కొనిపెట్టుకుంది.

అక్కా, నువ్వు వీటిని ఎప్పుడూ దగ్గరగా చూడలేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ గదిలోకి రాకుండా వంటింట్లోనే కూర్చుంటావు. అందుకని కొంచెం విడమరిచి రాస్తాను. పాత సైన్యం తుపాకీకి కర్ర మీద, గొట్టం మీద, చివరికి చిన్న మర మీద కూడా ఒకటే నంబరు కొట్టి ఉంటుంది. అన్నీ కలిసి ఉన్న తుపాకీని మేము నిలువెల్లా ఒకటే అంటాం. యుద్ధాల్లో చేతులు మారి, మరమ్మతుల్లో ముక్కలు మారి, నిలువెల్లా ఒకటేగా మిగిలినవి చాలా అరుదు. నాన్న మౌజర్ తుపాకీ అలాంటిది. నంబరు 4173. ఆ అంకె అన్నిచోట్లా ఉంది, గుండును లోపలికి తోసే గడియ మీద తప్ప. ఎందుకంటే అందులో ఇప్పుడున్న గడియ దానిది కాదు. సంతలో కొని తెచ్చి పెట్టాను. దాన్ని చూసినప్పుడల్లా నాకు తలవంపులుగా ఉంటుంది.

అసలు గడియ అమ్మ దగ్గర ఉండేది. మన ఇంటి పద్ధతి నీకు గుర్తుందిగా, తుపాకీ మగవాడిది, గడియ ఆడదానిది. గోడకు పేలని వట్టి తుపాకీ, అమ్మ దగ్గర ఎక్కడో గడియ. ఎంత మర్యాదైన ఏర్పాటు! నికోలా పండగ రోజు చుట్టాలందరూ వెళ్ళాక నాన్న దాన్ని అడిగి తీసుకుని బిగించేవాడు. అమ్మ గోడకు ఆనుకుని ఫొటోకి నిలబడ్డట్టు నిటారుగా నిలబడేది. నాన్న నన్ను ఎత్తుకుని నా అరచేయి ఆ పిడి మీద పెట్టి, పైన తన చేయి వేసి, గడియ వెనక్కి లాగి ముందుకు తోసేవాడు. క్లిక్, క్లాక్. నాకు ఎనిమిదేళ్ళప్పుడు పోయిన మనిషి. ఆయన తాలూకు నాకు మిగిలింది ఆ చప్పుడొక్కటే. ఈ పద్నాలుగు తుపాకులనూ ఆ చప్పుడు కోసమే వెతికి తెచ్చుకున్నానేమో అనిపిస్తుంది.

అమ్మ బతికుండగా రెండుసార్లు అడిగాను. "ఎక్కడో ఉంటుందిలే" అంది. ఆమె పెట్టె నీ దగ్గరే ఉంది కదా, అందులో చూడు. దొరికితే తుడవకు, నూనె రాయకు, తుప్పు గీకకు. ఉన్నదున్నట్టు పంపు. డాక్టరు నా ఊపిరితిత్తుల ఫొటోను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూస్తున్నాడు. తొందరగా పంపు అని రాస్తే నీకు అర్థమవుతుంది.

బావకు నా తరఫున ఒక గ్లాసు ఎక్కువ పొయ్యి.

నీ తమ్ముడు
విదోయె

లుగోవి, ద్రీనా ఒడ్డు
19 సెప్టెంబరు 2005

ఒరే విదోయే,

నీ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివి, ఐదోసారి మీ బావకు గట్టిగా చదివి వినిపించాను. చెవులు వినపడని మనిషికి చదవడమంటే ఊరందరికీ చదవడమే. నీ గొంతు పోయిందని ఇప్పుడు ఏటి అవతల బోస్నియా వాళ్ళకు కూడా తెలిసింది. ఈయన కళ్ళు తుడుచుకుని, "వాడి నోరే పోయిందా! సగం మనిషి పోయాడే పాపం" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడులే.

ఈ ఏడు ఆల్బుకరా పళ్ళు కొమ్మలు విరిగేలా కాశాయి. వాటితో రకియా సారా కాచడానికి మీ బావ కొత్త రాగి బాన కొన్నాడు. పెయ్యదూడను అమ్మి మరీ కొన్నాడు. రోజుకు రెండుసార్లు దానికి బూడిద పెట్టి తోముతున్నాడు. నా పెళ్ళినాడు నా మొహం వంక కూడా అంత సేపు చూడలేదు. మందుల మీద ఉన్నవాడివి, తాగకూడదని తెలుసు, వాసన చూడ్డానికి ఒక చిన్న సీసా పంపుతాను.

గడియ సంగతి అడిగావు. పెట్టె తీసి చూడలేదింకా. నడుం వంగడం లేదు. అయినా తమ్ముడూ, మ్యూజియంకి వచ్చేది బడిపిల్లలు. వంగి నంబర్లు చదివేదెవరు? ఉన్న గడియతోనే ఇచ్చెయ్యి. నిజానికి ఆ ఒక్క తుపాకీ ఇవ్వకపోయినా కొంప మునగదు. పదమూడు చాలవా వాళ్ళకి?

సరిగ్గా తింటున్నావా? ల్యుబింకాతో చెప్పు, మిరపకాయల పచ్చడి నీకు మింగుడు పడేలా మెత్తగా రుబ్బి పంపుతున్నాను. బస్సు డ్రైవరుకు ఇచ్చాను. శుక్రవారం సాయంత్రం స్టాండు దగ్గర అడిగి తీసుకోమను.

అక్క
కోసర

పాంచెవో,
30 సెప్టెంబరు 2005

అక్కా,

పచ్చడి అందింది. గొంతు దిగింది. నాలుగు నెలల తర్వాత నాలుకకు రుచి అనేది తెలిసి ఏడుపొచ్చింది. కానీ ఉత్తరం మాత్రం గొంతు దిగలేదు.

వంగి చూసేదెవరు అన్నావు. నేను చూస్తానక్కా. పాత తుపాకులు పోగుచేసే మా వాళ్ళలో ఒకడున్నాడు, వ్ర్షాత్స్‌లో ఉంటాడు. ఒక సెర్బ్ సిపాయి రెండు యుద్ధాలు మోసిన తుపాకీ వాడికి దొరికింది. కర్ర మీద ఆ సిపాయి చెంప ఆనిన చోట చెమట ఇంకి నల్లగా మచ్చ పడి ఉంది. వాడి భార్య ఇల్లు సర్దుతూ, పాపం మురికి అనుకుని, గరుకు కాగితంతో రుద్ది వార్నీషు కొట్టింది. మేము ఐదుగురం వెళ్ళి పరామర్శించి వచ్చాం. నవ్వులాటకు కాదు, నిజంగానే టోపీలు తీసి కూర్చున్నాం. పాతదాని మీద ఉన్న మచ్చ పోతే మనిషి పోయినట్టే మాకు. కొత్తది తెచ్చి అతికిస్తే అది ఇంకా పెద్ద పాపం.

ఆ తుపాకీ ఇవ్వకపోతే మిగతావి ఎందుకు? అవన్నీ దానికి తోడుగా తెచ్చినవే. అద్దాల బీరువాలో దాని కింద పెట్టడానికి అట్ట మీద మాటలు కూడా రాసి ఇచ్చాను. విను: "ఒబ్రాద్ జెకిచ్ తుపాకీ. యుద్ధంలో ఆయన ఊరిని కాపాడింది. యుద్ధం తర్వాత ఆయన ఇంటిని, ఇల్లాలిని, ఇద్దరు బిడ్డలను కాపాడింది." ఎలా ఉంది? చదివి చెప్పు. నువ్వు బళ్ళో కూడా నా కంటే బాగా రాసేదానివి.

ఈ వారం మందు ఎక్కించడం ఆపేశారు. ఆపేశారంటే నయమైందని ల్యుబింకా అందరికీ చెబుతోంది. నేను ఔనన్నట్టు తల ఊపుతున్నాను.

పెట్టె తెరవక్కా. నడుం వంగకపోతే బావను వంగమను. రాగి బాన తోమేటప్పుడు బాగానే వంగుతున్నాడుగా.

విదోయె

లుగోవి,
16 అక్టోబరు 2005

తమ్ముడూ,

దొరికింది! అమ్మ పెట్టెలో అడుక్కంటా, ఉన్ని ఉండల కింద, పాత సంచిగుడ్డలో చుట్టి ఉంది. నువ్వు చెప్పినట్టే తుడవలేదు, గీకలేదు. మీ బావ ముట్టుకోబోతే చేతి మీద ఒకటిచ్చాను.

ఇలాంటివి టపాలో పంపకూడదట. అందుకని ఉన్ని మేజోళ్ళలో దూర్చి, మేజోళ్ళను మీగడ డబ్బాలో అడుగున పెట్టి, మన డ్రైవరుకే ఇచ్చాను. "ఏంటి పిన్నీ, మీగడ ఇంత బరువుంది?" అన్నాడు. "మా ఆవుల పాలు చిక్కనరా" అన్నాను.

అట్ట మీది మాటలు చదివాను. బాగున్నాయి. నాకు అంతకంటే రాయడం రాదు.

ఇక నీ మనసు కుదుటపడుతుంది కదూ. వేళకు పడుకో. నికోలా పండగకు మేమిద్దరం వస్తాం. కొత్త రకియా తెస్తాం.

అక్క
కోసర

పాంచెవో,
23 అక్టోబరు 2005

కోసరా,

అక్కా అని రాయబోయి చేయి ఆగింది. ఈ ఉత్తరం పూర్తయ్యాక రాయగలనేమో చూస్తాను.

శుక్రవారం చీకటి పడే వేళకు నీ డబ్బా వచ్చింది. ల్యుబింకా మీగడ గిన్నెలోకి తీస్తుంటే నేను ఆగలేక మోచేతి దాకా చెయ్యి పెట్టి మేజోళ్ళు లాగాను. గడియ తీసి నాన్న తుపాకీలో బిగించాను. సుఖంగా కూర్చుంది. లాగి తోశాను. క్లిక్, క్లాక్. మంచం మీద కూర్చుని ఎంతసేపు అలా లాగానో నాకే తెలియదు. ల్యుబింకా గుమ్మంలో నిలబడి ఏడుస్తూ నవ్వింది. అంత సంతోషం నేను పెళ్ళినాడు కూడా పడలేదు. ఇది రాయడం ఎందుకంటే, నువ్వు నా దగ్గర్నుంచి ఏం లాక్కున్నావో నీకు తెలియాలి.

పొద్దున్న కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూశాను. తుపాకీ మీది 4173లో నాలుగు పైన విడిపోయి ఉంటుంది. నువ్వు పంపిన దాని మీద నాలుగు పైన కలిసిపోయింది. తుపాకీ మీది ఏడుకు అడ్డగీత లేదు. దీనికి ఉంది. అంకెల చుట్టూ ఇనుము పల్లంగా, వేలికి తగిలేలా దిగి ఉంది. అంటే అక్కడ ఉన్న పాత నంబరును ఆకురాయితో అరగదీసి, కొత్తగా మన నంబరు కొట్టారు. కొట్టాక నూనెలో కాల్చి నల్లగా చేశారు. నలభై ఏళ్ళుగా ఇలాంటి దొంగ ముక్కలు పట్టుకోవడమే నా పని. బెల్‌గ్రేడ్ నుంచి కూడా నాకు చూపించడానికి తెస్తారు. వాళ్ళందరి ముందూ దొంగతనం పసిగట్టిన నా కళ్ళు, సొంత అక్క పంపిన డబ్బాలోదాన్ని పట్టుకోవాల్సి వచ్చింది.

అసలుది ఎవరికి అమ్మావు? పాత ఆయుధాల ముక్కలు కొనే బేరగాళ్ళు ఉజిత్సె చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతున్నారని నాకు తెలుసు. నంబరు కలిసే గడియకు ఎంత గిరాకీ ఉందో కూడా తెలుసు. ముందు పెట్టె తెరవలేదన్నావు. ఆ తర్వాత ఆ తుపాకీనే ఇవ్వొద్దన్నావు. తీరా నేను పట్టుపట్టేసరికి, చచ్చేవాడికి ఏం తెలుస్తుందిలే అని ఎవడి చేతనో నంబరు కొట్టించి పంపావు. మీ ఆయన రాగి బాన పెయ్యదూడతో వచ్చిందా, నాన్నతో వచ్చిందా?

డబ్బు అడిగి ఉంటే ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేవాణ్ణి. ఇంతకీ నన్ను మోసం చేసినందుకు కాదు నా ఏడుపు. నువ్వు ఆయన దగ్గర పదిహేడేళ్ళు పెరిగావు. నాకు ఎనిమిదే దక్కాయి. నీకు అన్నేళ్ళు ఉండి ఒక్క ముక్క ఇవ్వలేకపోయావు.

నికోలా పండగకు మనవాళ్ళు ఎవరినీ పిలవరు. తలుపు తీసి ఉంటుంది, వచ్చేవాళ్ళు వస్తారు. నా జన్మలో ఎవరినీ రావద్దని అనలేదు. నువ్వు రావద్దు.

విదోయె

లుగోవి,
27 అక్టోబరు 2005

(ఈ ఉత్తరం టపాలో వేయలేదు.)

విదోయే, నా తండ్రీ,

నీ కళ్ళు సరిగ్గానే చూశాయి. అది మన గడియ కాదు. మనది ద్రీనా అడుగున ఉంది. నాన్నను పూడ్చిన మర్నాడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని తెప్పలు కట్టే రేవుకు వెళ్ళి, శాలువా కింద నుంచి తీసి నీళ్ళలోకి విసిరింది. "ఇక ఈ ఇంట్లో దీని చప్పుడు ఎవ్వరూ వినరు" అంది. తిరిగి వస్తూ దారిలో నా చెయ్యి పట్టుకుంది. "చిన్నాడికి చెప్పకే. ఆడికి నాన్నంటూ ఒకడుండనీ. మనకెటూ లేడు" అంది. సరేనన్నాను.

మర్యాద అన్నావే, గడియ ఆడదాని దగ్గర ఉండడం! అమ్మ దాచేది, విదోయే. తాగి వచ్చినప్పుడల్లా ఆయన తుపాకీ కిందికి దించేవాడని దాచేది. పిండిలో, తేనెపెట్టెలో, పేడకుప్పలో. అన్నిచోట్లా వెతికి పట్టేవాడు. చివరికి నీ పరుపు కింద పెట్టాం. నిద్రపోయే పిల్లాడిని మాత్రం లేపేవాడు కాదు. నీకు నాలుగేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా నువ్వు దాని మీదే పడుకున్నావు. ఆ నంబరు నాకు నోటికి రావడం అందుకే. రోజూ సాయంత్రం నేనే పెట్టేదాన్ని, పొద్దున్న నేనే తీసేదాన్ని.

నికోలా పండగ రోజు మాత్రం చుట్టాలు వెళ్ళాక అడిగేవాడు. ఇవ్వకపోతే ఏమవుతుందో అమ్మకు తెలుసు. ఇచ్చేది. అమ్మను గోడకు నిలబెట్టేవాడు. గొట్టం గుండెకు ఆనించేవాడు. గుండు ఉండేది కాదు, అదొక్కటే తక్కువ. తర్వాత నిన్ను ఎత్తుకుని "రారా సిపాయీ, మీ అమ్మకి సెల్యూట్ కొడదాం" అని నీ చెయ్యి పిడి మీద పెట్టేవాడు. నువ్వు నవ్వేవాడివి. నీ నవ్వు వింటూ అమ్మ కదలకుండా నిలబడేది. నేను పొయ్యి దగ్గర ఉండేదాన్ని. నీ తుపాకుల గదిలోకి నేను ఎందుకు రానో ఇప్పుడు అర్థమైందా? నువ్వు అతిథులకు చూపిస్తూ గడియ లాగుతావు. వంటింట్లో ఉన్నా నాకు వినపడుతుంది. అప్పుడు కుళాయి విప్పుతాను.

ఆయన యుద్ధంలో ధైర్యవంతుడే. ఊళ్ళో వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. యుద్ధం నుంచి ఇంటికి వచ్చిన మనిషి మాత్రం వేరు. నీకు చెప్పడానికని ఆయన తాలూకు ఒక్క మంచి రోజు కోసం ఎన్నేళ్ళుగానో వెతుకుతున్నాను. దొరకలేదు.

నువ్వు గడియ అడిగాక ఏం చేయాలో తోచలేదు. పోయిందని రాస్తే కారణం అడుగుతావు. బాయినా బాష్తాలో వేటగాళ్ళ తుపాకులు బాగుచేసే గ్వోజ్దెన్ దగ్గరికి వెళ్ళాను. అలాంటి గడియే వెతికిపెట్టాడు. నంబరు కొట్టేటప్పుడు అన్నాడు: "అమ్మా, ఇది తెలిసినోడి కంట్లో పడితే నిలవదు." నేను అన్నాను: "మా తమ్ముడికి ఇప్పుడు చూపు ఆనట్లేదు నాయనా. పైగా నా మీద నమ్మకం." నీ జబ్బు మీద ఆశ పెట్టుకున్నాను చూడు, ఎంత పాపిష్టిదాన్నో. నీకు ఆ చప్పుడు ఒక్కసారి వినిపిస్తే చాలనుకున్నాను. వినిపించిందని రాశావు. ఆ రెండు వాక్యాలు మాత్రం మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను.

ఇంతదాకా రాసి చదువుకున్నాను. దీన్ని నీకు పంపితే నేను దొంగను కానని తేలుతుంది. నీకు మిగిలేదేమిటి? గోడ మీది ఆ తుపాకీని రోజూ చూస్తూ, అమ్మ గుండె మీద నీ చెయ్యి కూడా ఉందని తెలిసి, మిగిలిన ఆ నాలుగు రోజులూ గడపాలి. మాట కూడా లేదు నీకు, గట్టిగా ఏడవడానికి.

దీన్ని పొయ్యిలో వేయాలి. రేపు వేస్తాను.

లుగోవి,
29 అక్టోబరు 2005

విదోయే,

నువ్వు కనిపెట్టింది నిజం. గడియను అమ్మేశాను. రెండేళ్ళ కిందట ఉజిత్సె వైపు నుంచి వచ్చిన బేరగాడు కొన్నాడు. పేరు తెలియదు, వెతికించకు, దేశం దాటిపోయి ఉంటుంది. మీ బావకు ఏమీ తెలియదు. బానను పెయ్యదూడను అమ్మే కొన్నాడు, ఆయన్ని ఏమీ అనకు. నంబరు కొట్టించింది కూడా నేనే.

ఎందుకు చేశావంటే చెప్పడానికి ఏమీ లేదు. ఇనుప ముక్క అనుకున్నాను.

పండగకు రాను. ల్యుబింకాకు ఉన్ని శాలువా అల్లుతున్నాను, డ్రైవరుతో పంపుతాను. దాన్ని తిప్పి పంపకండి. చలికి మెడ కప్పుకో, ఆ బొక్కలోంచి గాలి పోతుంది.

కోసర

పాంచెవో,
21 డిసెంబరు 2005

అక్కా,

అక్కా అని రాశాను చూశావా. రెండు నెలలు పట్టింది. ఇందులో కొంత నేను రాశాను, చెయ్యి వణికిన చోట నేను పలక మీద రాస్తే ల్యుబింకా దించుతోంది. అక్షరాలు అందంగా కనబడితే అవి ఆవిడవి.

పండగ జరిగింది. గోధుమల ప్రసాదం వండారు, రొట్టె కోశారు, ఇంటినిండా జనం. నేను కుర్చీలో కూర్చుని తల ఊపాను. అందరూ వచ్చి నా పక్కనున్న ఖాళీ కుర్చీ వంక చూసి, "కోసర రాలేదా?" అన్నారు. నేను పలక మీద "రోడ్ల మీద మంచు" అని రాసి చూపించాను. ఇరవై మందికి అదే చూపించాను. చివరికి నాకే నమ్మకం కలిగింది, మంచు వల్లే రాలేదని.

నిన్న మ్యూజియం మనిషి వచ్చాడు. పదమూడు పట్టుకెళ్ళాడు. నాన్నది మాత్రం వారం రోజులు ఉంచుకుంటానన్నాను. గడియ సంగతి ఆయనకు దాచలేదు. దొంగ నంబరుదని చెప్పాను. మా వృత్తిలో అబద్ధం పనికిరాదు. కానీ దాన్ని తీసేయలేదు. చీకట్లో కళ్ళు మూసుకుని లాగితే నా చేతికి తేడా తెలియడం లేదు. తెలియాలి. అయినా తెలియడం లేదు. ఇంక దీంట్లో పోట్లాడే ఓపిక లేదు నాకు.

నీ మీద కోపం పెట్టుకుని పోవడం ఇష్టం లేదు. నాలో నేను అనుకున్నాను, నాన్న ఉంటే ఏం చేసేవాడని. క్షమించేవాడు. గట్టిగా ఒకసారి అరిచి, తర్వాత నీ తల నిమిరి, పోనీలేవే అనేవాడు. ఆయన మనసు నాకంటే నీకే బాగా తెలుసు. ఆయన క్షమించేదాన్ని నేను ఎందుకు పట్టుకుని వేలాడాలి? ఆయన తరఫున, నా తరఫున కూడా, అయిపోయింది. ఆ మాట మళ్ళీ ఎత్తను.

దానికి బదులుగా ఒక్కటి అడుగుతాను. గడియ పోతే పోయింది. నా దగ్గర ఆయన జ్ఞాపకాలు మూడో నాలుగో ఉన్నాయి, అరిగిపోయేదాకా తలచుకున్నాను. నీ దగ్గర పదిహేడేళ్ళవి ఉన్నాయి. అందులోంచి నాకు తెలియనిది ఒకటి రాసి పంపు. ఆయన నన్ను ఎలా చూసుకున్నాడో ఒక్కటి చాలు. ల్యుబింకా చదివి వినిపిస్తుంది.

తర్వాత నువ్వు కూడా రా. మంచు కరిగిందని అందరికీ చెబుతాను.

నీ తమ్ముడు
విదోయె

లుగోవి,
26 డిసెంబరు 2005

విదోయే, నా బంగారు తమ్ముడూ,

నీ ఉత్తరం పొద్దున్న అందింది. మధ్యాహ్నానికి జవాబు రాస్తున్నాను, సాయంత్రం బస్సుకు డ్రైవరు చేతికి ఇస్తాను. నేను శుక్రవారం బస్సుకు వస్తున్నాను. మీ బావ పశువులను చూసుకుంటాడు. నువ్వూ నాన్నా క్షమించినందుకు నాకు మనసు తేలికైంది. ఆ మాట రాయడానికి నీకెంత కష్టమైందో నాకు తెలుసు.

నాన్న గురించి అడిగావు. చెబుతాను, విను.

నీకు నాలుగేళ్ళు. గడ్డి కోతల రోజులు, ఆకాశం మబ్బు పట్టి ఉంది, కోసిన గడ్డి అంతా తడిసిపోతుందని ఊరంతా హడావిడి. నీకు పొంగు పోసింది. ఒళ్ళంతా ఎర్రగా, కళ్ళు తెరవలేవు. వెలుతురు తగిలితే ఏడుస్తున్నావు. నాన్న పొలం నుంచి సగంలో వచ్చేశాడు. కొడవలి గుమ్మంలోనే వదిలేసి లోపలికి వచ్చి, తన సైన్యం కోటు కిటికీకి అడ్డంగా వేలాడదీశాడు. చీకటి గదిలో నిన్ను ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. "గడ్డి పోతే పోయింది, మళ్ళీ మొలుస్తది" అన్నాడు. నువ్వు నీళ్ళు తాగనంటే తాను ఒక గుటక తాగి చూపించి, నీకు ఒక చెంచా పోసేవాడు. అంత పెద్ద చేతులు, ఆ చెంచా ఎంత మెల్లగా పట్టుకున్నాడనుకున్నావు! బొట్టు కింద పడనివ్వలేదు. రెండు రోజులు కదలలేదు. నీ దద్దుర్లు గోకకుండా నీ రెండు చేతులూ తన గుప్పిట్లో పెట్టుకుని, ఏదో పాట సన్నగా పాడుతూనే ఉన్నాడు. గడ్డి తడిసి కుళ్ళిపోయింది. ఒక్క మాట అనలేదు.

నువ్వు చిన్నవాడివి, నీకు గుర్తుండదు. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

నీ అక్క
కోసర